గాలిమర తిరుగుతోంది, బల్బు ఎందుకు వెలగడం లేదు?

బోర్డు పోయిన ఫ్యాను మోటారుకు మూడు పైపు ముక్కలు బిగించి మిద్దె మీద నిలబెడితే, గాలి వచ్చినప్పుడల్లా గిర్రున తిరుగుతుంది. చిన్న ఎల్‌ఈడీ తగిలిస్తే మినుకుమినుకుమంటుంది కూడా. అదే మరను 12 వోల్టుల బ్యాటరీకి కలిపి వారం తర్వాత చూస్తే బ్యాటరీ మొదట ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రెక్కలు మార్చి చూస్తారు, మోటారు మార్చి చూస్తారు, చివరికి మన దగ్గర గాలి లేదులే అనుకుని దించేస్తారు. చాలాసార్లు లోపం గాలిది కాదు. తిరగడం ఒక పని, బ్యాటరీలోకి కరెంటును తొయ్యడం ఇంకో పని. ఈ రెండింటికీ నడుమ ఒక లెక్క ఉంది. అది కుదరకపోతే ఎంత అందంగా కట్టిన మరైనా ఉత్త చక్రమే. ఆ లెక్కకు గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు ఏం వెలిగించాలో తేల్చుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు పొలాల్లో ఏనుగుల భయంతో రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లకు పెద్ద కరెంటు అక్కర్లేదు. మంచె దగ్గర ఒక బల్బు, చేతిలోని ఫోనుకు చార్జింగు ఉంటే చాలు. 5 వాట్ల డీసీ ఎల్‌ఈడీ బల్బు 6 గంటలు వెలిగితే 30 వాట్-అవర్లు. ఈ రోజుల్లో మామూలైన 5000 ఎంఏహెచ్ ఫోను ఒకసారి నిండడానికి, చార్జరులో పోయేది కలుపుకుని, 25 దాకా. బ్యాటరీలోకి వెళ్లి మళ్లీ బయటికి వచ్చేలోపు పోయేది కూడా వేసుకుంటే రోజుకు 70 వాట్-అవర్లు. ఈ వ్యాసం ఈ 70 చుట్టూనే తిరుగుతుంది. ఇన్వర్టరు పెట్టి మామూలు బల్బు వెలిగిద్దామనుకోవద్దు. చిన్న ఇన్వర్టరు ఖాళీగా ఆన్‌లో ఉంటేనే 5 నుంచి 10 వాట్లు తింటుంది. అంటే మన బల్బుకన్నా అదే ఎక్కువ తింటుంది. బల్బు, ఫోను చార్జరు రెండూ నేరుగా 12 వోల్టుల మీద నడవాలి. ఫోనుకు కారులో పెట్టుకునే చార్జరు సరిపోతుంది.

గాలిలో ఎంత ఉంది

గాలిలోని శక్తి దాని వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. దాన్నంతా రెక్కలు లాక్కోలేవు. అంతా లాక్కుంటే గాలి అక్కడే ఆగిపోతుంది, వెనక గాలికి దారి ఉండదు. ఎంత గొప్ప రెక్కైనా 59.3 శాతం దాటలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టాడు. ఇంట్లో కోసిన రెక్క, పాత మోటారు, డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు), వైరు, ఇవన్నీ తినగా మనకు చివరికి 20 శాతం చేరితే మంచి పనే.

1 మీటరు వ్యాసం ఉన్న మర తీసుకుందాం. అది ఊడ్చే వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. మన ఎండల్లో ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోలు. పలమనేరు, మదనపల్లె ఎత్తులో ఇంకాస్త పలచన. ఈ అంకెలతో సెకనుకు 3 మీటర్ల గాలిలో, అంటే గంటకు 11 కిలోమీటర్లు, బ్యాటరీకి చేరేది 2.4 వాట్లు. 4 మీటర్ల గాలిలో 5.8. 5 మీటర్లకు 11. 6 మీటర్లకు 19. 8 మీటర్ల గాలిలో 46. మన 70 వాట్-అవర్లు రావాలంటే 4 మీటర్ల గాలి 12 గంటలు వీచాలి, లేదా 6 మీటర్ల గాలి మూడున్నర గంటలు చాలు. రోజంతా వీచే పిల్లగాలికన్నా సాయంత్రం రెండు మూడు గంటలు గట్టిగా వీచే గాలే మేలు. అమ్మకం ప్రకటనల్లో "2 మీటర్ల గాలికే కరెంటు" అని రాస్తారు. 2 మీటర్ల గాలిలో ఈ మర వైశాల్యం మొత్తం మీద ఉన్న శక్తే 3.6 వాట్లు. అందులో మన చేతికి వచ్చేది లెక్కలోకి రాదు.

వేగం కొలవడానికి చేతిలో పట్టుకునే అనిమోమీటరు దొరుకుతుంది. అది లేకపోతే చెట్లను చూడాలి, అయితే రావి చెట్టును చూడొద్దు. కాడ సన్నగా ఉండే ఆ ఆకు కాస్తంత గాలికే ఊగుతుంది. వేపను చూడాలి. ఆకులు గలగలమంటే, ముఖానికి గాలి తగిలితే 2, 3 మీటర్లు. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే, పలచటి గుడ్డ జెండా విప్పుకుని నిలిస్తే 3.4 నుంచి 5.4. దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగితే 5.5 నుంచి 8. చిన్న చెట్లే ఊగిపోతుంటే 8 పైన. రెండు మూడు వారాల పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇలా చూసి రాసుకుంటే, మర కట్టాలా వద్దా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడారు గాలుల్ని నిత్యం కొలుస్తుంది కదా అని కొందరు ఆ అంకెలు చూసి మురిసిపోతారు. అది చూసేది కిలోమీటర్ల పైన వీచే గాలిని. మన రెక్క ఉండేది 6 మీటర్ల ఎత్తులో. తిరుమల కాకులకొండ మీది గాలిమరల్ని చూపించి తిరుపతి మిద్దె మీద కట్టడమూ అలాంటిదే. అక్కడ కొండ నెత్తి, ఇక్కడ కొండ పాదం. తిరుపతి ఊళ్లో, చుట్టూ నాలుగంతస్తుల ఇళ్ల నడుమ, గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. మర ఒక నిమిషం ఇటు, ఒక నిమిషం అటు తల తిప్పుతూ ఉంటుంది తప్ప కుదురుగా తిరగదు. పైగా ఆ అదురు శ్లాబులోకి దిగి కింద గదిలో రాత్రంతా గుర్రుమంటుంది. ఊళ్లో ఇంటికైతే ఈ పని వద్దు. 50 వాట్ల సోలార్ పలక మన ఎండలో రోజుకు 200 వాట్-అవర్ల దాకా ఇస్తుంది, అదే నయం.

గాలిమరకు అర్థం ఉన్నది పీఠభూమి పొలాల్లో: పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు మెరకల మీద, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే పడమటి గాలిలో. ఆషాఢ శ్రావణాల్లో మబ్బు పట్టి సోలార్ పలక నీరసపడే రోజుల్లోనే ఈ గాలి గట్టిగా ఉంటుంది. అందుకే రెండూ ఒకే బ్యాటరీకి కలపడం తెలివైన పని. వేరుశనగ చేను మధ్య అయితే 6 మీటర్ల స్తంభం చాలు. మామిడి తోట పక్కన చాలదు. తోట వెనకవైపు గాలి, చెట్ల ఎత్తుకు పది ఇరవై రెట్ల దూరం దాకా చెదిరిపోయి ఉంటుంది. తోటకు పడమర వైపున్న ఖాళీలో నిలబెట్టాలి, లేదా చెట్ల తలలకు కనీసం 3, 4 మీటర్లు పైకి లేపాలి.

వంద చుట్లకు ఎన్ని వోల్టులు?

ఇక అసలు చిక్కు. 12 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు పోవాలంటే బయటినుంచి వచ్చే వోల్టేజి బ్యాటరీది దాటాలి. చార్జయ్యే బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఉంటుంది, డయోడ్లలో మరో 1.2 వోల్టులు పోతాయి. అంటే మోటారు కనీసం 14.2 వోల్టులు పుట్టించాలి. 14.1 పుట్టిస్తే లోపలికి పోయేది సున్నా. కొంచెం తక్కువైతే కొంచెం చార్జవుతుంది అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మోటారు వోల్టేజి తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. తిరిగే వేగం గాలిని, రెక్కను బట్టి ఉంటుంది. సన్నని మూడు రెక్కల మరలో రెక్క కొన, గాలికంటే 5 రెట్లు వేగంగా పరుగెత్తుతుందనుకుంటే, 1 మీటరు మర నిమిషానికి తిరిగే చుట్లు గాలి వేగానికి 95 రెట్లు. 3 మీటర్ల గాలిలో 285 చుట్లు, 4 మీటర్లలో 380, 6 మీటర్లలో 570. అంటే మనకు కావలసిన మోటారు 285 చుట్లకు 14.2 వోల్టులు ఇవ్వాలి. నిమిషానికి వంద చుట్ల వేగానికి 5 వోల్టులన్నమాట. మోటారు కొనేటప్పుడు దాని వాట్లకన్నా ముందు అడగాల్సింది ఈ అంకె.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే యూట్యూబు వీడియోల్లో కనిపించేవి సగం నిలవవు. పాత ఫ్యాను రెక్కల్నే వాడితే, అవి గాలిని తొయ్యడానికి చేసినవి, కొన వేగం రెండు రెట్లు దాటదు. వాటి వ్యాసం 1.2 మీటర్లు కాబట్టి 3 మీటర్ల గాలిలో 95 చుట్లే. డ్రమ్మును నిలువుగా కోసి చేసే నిలువు మర చూడ్డానికి ధీమాగా తిరుగుతుంది, దాని అంచు గాలి వేగాన్ని మించదు. 3 మీటర్ల గాలిలో 60 చుట్లు, మన మోటారుతో 3 వోల్టులు. కారు ఆల్టర్నేటరు వెయ్యి చుట్లు దాటితే గాని పని మొదలుపెట్టదు, పైగా దాని లోపలి కాయిల్‌కు ముందు మనమే కరెంటు పెట్టాలి. పాతకాలపు సీలింగ్ ఫ్యాను మోటారులో అయస్కాంతాలే ఉండవు, ఎంత తిప్పినా ఏమీ రాదు. ట్రెడ్‌మిల్ మోటారు 180 వోల్టులు, 4000 చుట్లు అని రాసి ఉంటే వంద చుట్లకు 4.5 వోల్టులు. పరవాలేదు కానీ బ్రష్షులు అరుగుతాయి, బరువెక్కువ.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో నప్పేది బీఎల్‌డీసీ, అంటే బ్రష్షులు లేని డీసీ, సీలింగ్ ఫ్యాను మోటారు. లోపల అయస్కాంతాలుంటాయి, గేర్లు లేకుండా నిమిషానికి 350 చుట్ల దగ్గర పనిచేసేలా చుట్టి ఉంటుంది, బయటి డొప్పే తిరుగుతుంది, రెక్కలు బిగించడానికి మూడువైపులా బెజ్జాలూ ఉంటాయి. ఈ ఫ్యాన్లలో ముందు పోయేది ఎలక్ట్రానిక్ బోర్డు, మోటారు కాదు. కాబట్టి రిపేరు షాపులో బోర్డు పోయిన ఫ్యాను అడిగితే దొరుకుతుంది. బోర్డు తీసేముందు మెయిన్స్ నుంచి విడదీసి పది నిమిషాలు ఆగాలి, కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే మూడు వైర్లను బోర్డు దగ్గర కత్తిరించి బయటికి తెచ్చుకోవాలి.

మోటారు బతికుందో లేదో తెలియడానికి ఆ మూడు వైర్ల కొసల్ని కలిపి మెలిపెట్టి డొప్పను చేత్తో తిప్పండి. బురదలో తిప్పినట్టు బరువుగా తిరిగితే మంచిది. తేలిగ్గా తిరిగితే కాయిల్ తెగింది. మూడూ విడదీశాక కూడా బరువుగానే ఉంటే లోపల షార్టయింది, తీసుకోవద్దు.

వోల్టుల పరీక్షకు మూడు వైర్లను, మోటారు ఇచ్చే ఏసీని డీసీగా మార్చే ఆరు డయోడ్ల బ్రిడ్జికి కలిపి, చివర 1000 మైక్రోఫ్యారడ్, 50 వోల్టుల కెపాసిటరు పెట్టి, దాని మీద మల్టీమీటరు ఉంచండి. గడియారం సెకను ముల్లు చూస్తూ సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పండి. అది నిమిషానికి 60 చుట్లు. మీటరు 2 వోల్టులు చూపిందనుకుందాం. లోడు లేనప్పుడు డయోడ్లలో పోయే ఒక వోల్టు కలిపితే 3. 60 చుట్లకు 3 అంటే వంద చుట్లకు 5. మనకు కావలసిందే. అంకె 3.5 వస్తే ఈ మర 4 మీటర్ల పైన గాలికే చార్జింగు మొదలుపెడుతుంది. ఆషాఢానికి చాలు, మిగతా కాలానికి చాలదు.

అంకె ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. అదీ పొరపాటే. ఎలక్ట్రిక్ సైకిలు చక్రపు మోటారు వంద చుట్లకు 13 వోల్టుల దాకా ఇస్తుంది. దాన్ని ఈ రెక్కలకు తగిలిస్తే 110 చుట్లకే బ్యాటరీ పట్టుకుంటుంది. ఇక ఎంత గాలి వచ్చినా బ్యాటరీ ఒక బ్రేకులా వేగాన్ని లేవనివ్వదు, రెక్క తన సహజ వేగానికి చేరక గాలిని చీల్చలేక ముద్దగా కదులుతుంది. అలాంటి మోటారుకు 24 వోల్టుల బ్యాటరీ పెట్టాలి, లేదా 2 మీటర్ల పైబడిన పెద్ద రెక్కలు కట్టాలి. మూడు కాయిళ్ల కొసలు బయటికి తీయగలిగితే వైండింగ్ షాపులో స్టార్ నుంచి డెల్టాకు (కాయిళ్లను ఒకదానికొకటి కలిపే రెండు పద్ధతులు ఇవి) మార్పించుకోవచ్చు, వోల్టేజిని 1.73తో భాగిస్తే ఎంతో అంతకు తగ్గుతుంది.

మన ఫ్యాను మోటారు కూడా పెద్ద గాలిలో కొంత ఇలా బిగపడుతుంది. కాయిల్, వైరు కలిపి 3 ఓములు ఉంటే, 8 మీటర్ల గాలిలో సహజంగా 760 చుట్లు తిరగాల్సిన మర 460 దగ్గరే ఆగుతుంది, 3 ఆంపియర్లు ఇస్తుంది, 27 వాట్లు కాయిల్లోనే వేడిగా పోతాయి. ఇది నష్టమే, కానీ ఒప్పుకోదగ్గ నష్టం. గట్టి గాలిలో మరకు పగ్గం వేసేది ఇదే.

రెక్కలు

6 అంగుళాలు, అంటే 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, గోడ మందంగా ఉండే నీటి పైపు, 45 సెంటీమీటర్ల ముక్క. డ్రైనేజీ పైపు పలచన, వద్దు. చుట్టుకొలత 50 సెంటీమీటర్లు కాబట్టి నిలువుగా నాలుగు సమభాగాలు కోస్తే ఒక్కోటి 12.5 వెడల్పు. మూడు రెక్కలకు, ఒకటి అదనం. ప్రతి ముక్కలో ఒక అంచును తాకకుండా నిటారుగా వదిలేయండి. రెండో అంచును మొదట్లో 12.5 నుంచి కొనకు 4 సెంటీమీటర్లకు తగ్గేలా ఏటవాలుగా కోయండి. తిరిగేటప్పుడు ఏటవాలు అంచు ముందుకు, నిటారు అంచు వెనక్కి, పైపు లోపలి గుంట గాలివైపు ఉండాలి. ఇది తలకిందులైతే రెక్క మెలి వ్యతిరేకంగా వస్తుంది. మర తిరుగుతుంది గానీ ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

మెలి ఎక్కడినుంచి వచ్చిందంటే పైపు వంపు నుంచే. వెడల్పు తగ్గేకొద్దీ రెక్క వాలు తగ్గుతుంది. మొదలుకీ కొనకీ 30 డిగ్రీల తేడా దానంతటదే కుదురుతుంది. మనం చూసుకోవాల్సింది కొన దగ్గర వాలు ఒక్కటే. తిరిగే తలానికి 4, 5 డిగ్రీలు ఉండాలి. 10 పెడితే తేలిగ్గా మొదలవుతుంది కానీ వేగం అందుకోదు. ఇలా తొందరగా మొదలవుతోందని సంబరపడి వాలు పెంచేసేవాళ్లు చాలామంది. ముందంచును గుండ్రంగా, వెనకంచును ఒకటి రెండు మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి. ఈ ఒక్క అరగంట పని, రెక్క చేసే చప్పుడునూ వేగాన్నీ బాగా మారుస్తుంది.

మొదలు వంపుగా ఉండి చదునైన బిళ్ల మీద కూర్చోదు. బోల్టు బిగిస్తే పగులుతుంది. కింది 8 సెంటీమీటర్లను మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, రెండు పలకల మధ్య నొక్కి చల్లారనివ్వండి. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకును 20 సెంటీమీటర్ల బిళ్లగా కోయించి ఫ్యాను బెజ్జాలకే బిగించాలి. ఒక్కో రెక్కకు 6 మిల్లీమీటర్ల బోల్టులు మూడు, వెడల్పు వాషర్లు, నైలాన్ లాకు నట్లు. వాలు కోసం కింద కొయ్య చీలిక. ఈ బిగింపును తేలిగ్గా తీసుకోవద్దు. 250 గ్రాముల రెక్క 950 చుట్ల వేగంలో తన మొదలును దాదాపు 56 కిలోల బరువుతో లాగుతుంది. వేగం రెట్టింపైతే 220 కిలోలు.

మూడు కొనల మధ్య దూరాలు కొలిస్తే ఒక్కోటి 86.6 సెంటీమీటర్లు రావాలి. కొనలు మూడూ ఒకే తలంలో, 5 మిల్లీమీటర్ల తేడాలోపు, పోవాలి. తర్వాత గాలి లేని చోట వదిలి చూస్తే బరువైన రెక్క కిందికి వచ్చి ఆగుతుంది. ఎదుటి రెక్కల మొదట్లో వాషర్లు చేర్చుతూ, ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా సరిచేయాలి. చివరగా తెల్ల పెయింటు. ముదురు రంగు వేస్తే మే నెల ఎండకు పీవీసీ వేడెక్కి వంగుతుంది. పెయింటు ఉన్నా ఎండకు పెళుసుబారుతుంది కాబట్టి ఏడాదికోసారి గోటితో గీకి, వంచి చూసి, తెల్లటి పగుళ్లు కనిపిస్తే మార్చేయాలి. ఎక్కువకాలం మన్నాలంటే కొయ్య రెక్కలే మేలు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే పనితనం ఎలాగూ ఉంది. పైన చెప్పిన కొలతలు గీసి ఇస్తే ఆ చేతులకు ఇది పెద్ద పని కాదు.

తోక, స్తంభం

తోకకు బోర్డులు రాసేవాళ్ల దగ్గర దొరికే 3 మిల్లీమీటర్ల ఏసీపీ (అల్యూమినియం పొరల ప్లాస్టిక్) పలక, 25 సెంటీమీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల చువ్వ చివర. తల తిరగడానికి పెద్ద పైపులో చిన్న పైపు, నడుమ గ్రీజు పెట్టిన ఇత్తడి వాషరు. వైరును పైపు లోపలినుంచి కిందికి వదిలి, కింద ప్లగ్గు పెట్టండి. నెలకో రెండు నెలలకో మెలిపడితే ప్లగ్గు తీసి విప్పుకోవచ్చు. ఫ్యాను మోటారు వాన కోసం చేసింది కాదు. వెనక భాగాన్ని ప్లాస్టిక్ డబ్బాతో కప్పి, అంచులు సిలికాన్‌తో మూసి, అడుగున ఒక చిన్న బెజ్జం వదలాలి. అది లేకుంటే చేరిన తేమ బయటికి పోక అయస్కాంతాలు తుప్పుపడతాయి. బేరింగులు మార్చేటప్పుడు రబ్బరు సీలు ఉన్నవే వేయాలి.

స్తంభం ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, 6 మీటర్ల నిడివి. అడుగున కీలు పెట్టి, పడుకోబెట్టేలా చేయాలి. ఇది సౌకర్యం కోసం కాదు, తప్పనిసరి. 4 మీటర్ల ఎత్తునుంచి నాలుగు దిక్కులా స్టే వైర్లు, మొదలుకు మూడున్నర మీటర్ల దూరంలో మీటరు లోతు దిగగొట్టిన యాంగిల్ ఇనుములకు, ఒక్కోదానికి వైరును తిప్పి బిగించే టర్న్‌బకిల్. పడినా కరెంటు తీగల మీద పడకూడదు. పొలం మీదుగా పోయే 11 కేవీ లైనుకు కనీసం స్తంభం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, అంటే 9 మీటర్లు దూరం. దించేటప్పుడు ఎత్తేటప్పుడు కూడా అటువైపు వాలకూడదు. స్తంభానికి ఎర్తు వేయాలి, ఏప్రిల్, మే పిడుగులు ఒంటరి పైపును వెతుక్కుంటాయి. కోతులున్న చోట మనిషి ఎత్తున ఒక మీటరు పొడవు నున్నటి రేకు చుడితే పైకెక్కలేవు.

వైరింగులో ఎక్కువమంది చేసే తప్పు

మూడు వైర్లనూ కిందిదాకా తెచ్చి, డయోడ్లు బ్యాటరీ దగ్గర పెట్టండి. ఆరు ఎస్‌ఆర్ 5100 డయోడ్లు (5 ఆంపియర్లు, 100 వోల్టులు) సరిపోతాయి. 40 వోల్టులవి పెడితే బ్యాటరీ వైరు ఊడిన రోజున మర పుట్టించే వోల్టేజికి కాలిపోతాయి. దూరం 15 మీటర్లయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 2 ఆంపియర్లకు అందులో 0.45 వోల్టు పోతుంది. ఇంటి వైరింగులో మిగిలిన 1 మిల్లీమీటరు వైరు వేస్తే 1.1 వోల్టులు పోతుంది. వంద చుట్లకు 5 వోల్టుల మరలో అది 22 చుట్ల నష్టం.

ఇప్పుడు ఆ తప్పు. ఇంట్లో ఉన్న సోలార్ చార్జ్ కంట్రోలరును మధ్యలో పెడతారు. బ్యాటరీ నిండగానే అది పలకను విడదీస్తుంది. పలకకు ఏమీ కాదు. గాలిమరను విడదీస్తే దాని మీదున్న బరువు ఒక్కసారిగా పోతుంది, పగ్గం తెగిన ఎద్దులా పరుగెత్తుతుంది. పైన రాసిన 220 కిలోల లాగుడు అప్పుడే వస్తుంది. రెక్కలు విరిగి ఎగిరేది ఎక్కువగా ఇలా బ్యాటరీ నిండిన రోజుల్లోనే. గాలిమర ఎప్పుడూ బ్యాటరీకి కలిపే ఉండాలి. నిండాక మిగిలినదాన్ని వేరే చోట కాల్చాలి. అందుకు వోల్టేజి చూసి పనిచేసే 12 వోల్టుల రిలే (తనంతట తానే పడే స్విచ్చు) మాడ్యూలు, 4.7 ఓములు, 50 వాట్ల అల్యూమినియం రెసిస్టరు కావాలి. బ్యాటరీ 14.2 వోల్టులకు చేరితే రిలే ఆ రెసిస్టరును బ్యాటరీకి కలుపుతుంది, 13.2కు దిగితే తీసేస్తుంది. అది 43 వాట్లు మింగుతుంది. చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి ఇనుప రేకు మీద, గడ్డికి, కొట్టపు కప్పుకు దూరంగా బిగించాలి.

బ్యాటరీ లెడ్ యాసిడ్ అయితే 20 ఏహెచ్. సగానికి మించి వాడకూడదు కాబట్టి 120 వాట్-అవర్లు, గాలి లేకున్నా రాత్రీ పగలూ కలిపి దాదాపు రెండు రోజులు. యూపీఎస్‌లో వచ్చే 7 ఏహెచ్ ఒక్క రాత్రికి కూడా నమ్మకం కాదు. లిథియం ఫాస్ఫేట్ అయితే 12 ఏహెచ్ చాలు, కానీ దాని లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) కూడా 14.6 దగ్గర బ్యాటరీని విడదీస్తుంది. అది జరక్కముందే రెసిస్టరు అందుకోవాలి. రిలేను 14.0కు పెట్టండి. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే 7.5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. దానికన్నా చిన్నది వేస్తే గట్టి గాలి రోజునే ఎగిరిపోయి మరను విడదీసినంత పని చేస్తుంది.

బ్రేకుగా, డయోడ్లకు ముందు మూడు వైర్లనూ ఒకదానికొకటి కలిపే రెండు పోళ్ల ఐసోలేటరు స్విచ్చు. ఒక పోలు మొదటి రెండింటిని, రెండో పోలు చివరి రెండింటిని కలుపుతుంది. గాలి నెమ్మదిగా ఉన్నప్పుడే వేయాలి. పెనుగాలిలో మర పూర్తి వేగంతో ఉండగా వేస్తే ఆగకపోవచ్చు, కాయిల్ మాత్రం కాలుతుంది.

పని చెయ్యనప్పుడు

గాలి ఉన్నా మొదలవకపోతే బ్యాటరీని అనుమానించకముందు మూడు వైర్లనూ డయోడ్ల దగ్గర విడదీయండి. వెంటనే తిరిగితే ఏదో డయోడు షార్టయి బ్రేకులా పట్టుకుంది. తిరుగుతూ గుడగుడమని ఒకే లయలో అదురుతుంటే ఒక వైరు తెగింది, రెండు కాయిళ్లే మోస్తున్నాయి. ఒకే వేగం దగ్గర స్తంభమంతా వణికి, ఆ వేగం దాటగానే తగ్గితే అది స్తంభం సొంత ఊపు. స్టే వైర్లు బిగించినా, కట్టిన ఎత్తు అర మీటరు మార్చినా ఆ వేగం జరుగుతుంది. తోక అదేపనిగా అటూ ఇటూ కొట్టుకుంటుంటే చాలావరకు తప్పు తోకది కాదు, అక్కడి గాలిది. స్తంభాన్ని జరపాలి. బాగా తిరుగుతూ ఆంపియర్లు రాకపోతే బ్రిడ్జి దగ్గర వోల్టులు చూడండి. 13 దాటకపోతే చుట్లు చాలట్లేదు, రెక్క కొన వాలు తగ్గించి చూడాలి. 20 పైన ఉంటే ఫ్యూజు పోయింది, లేదా వైరు బ్యాటరీకి చేరడం లేదు. ఆ మర బరువు లేకుండా పరుగెడుతోంది, గాలి నెమ్మదించగానే ముందు బ్రేకు వేయండి.

మొదటిసారి ఎత్తడం పొద్దున్నే, ఆకు కదలని వేళ, బ్రేకు వేసి ఉంచి చేయాలి. ఎత్తాక స్టే వైర్లు సరిచేసి, పిల్లగాలి మొదలయ్యాక బ్రేకు తీసి, ఒక గంట పక్కనే ఉండి చప్పుడు వినండి. రెక్కల వరుసలో, అంటే తిరిగే తలానికి పక్కగా నిలబడొద్దు. ముక్క ఎగిరితే అటే వస్తుంది. మరుసటి రోజు దించి బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. పీవీసీ మొదటి రోజు నొక్కుకుపోయి కొంత వదులిస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్ తిరుపతి జిల్లాను తడిపి వెళ్లాయి. ఆ గాలికి ఈ చిన్న మరలో ఏ బ్రేకూ ఆగదు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే, గాలి ఇంకా నెమ్మదిగా ఉండగానే, బ్రేకు వేసి స్తంభాన్ని పడుకోబెట్టి, రెక్కల్ని తాడుతో నేలకు కట్టేయాలి. పడుకుని ఉన్నప్పుడే బేరింగుల ఆట చూసి, రెక్కల మొదట్లో పగుళ్లు వెతికి, వైరు మెలి విప్పి, వాషరుకు గ్రీజు పెడితే సంక్రాంతికి మళ్లీ ఎత్తడానికి సిద్ధంగా ఉంటుంది.